కొల్లేటి హద్దు

2024వ సంవత్సరము సెప్టెంబరు మాసారంభమున బుడమేరు విజయవాడ నగరమున చొరబడిన సంగతిని పాఠకులు మఱచియుండరు. సింగునగరము మొదలగు పేటలలో ఇండ్ల క్రింది యంతస్తులు మునిగిపోయెను. వేలకొలది కుటుంబములవారు మేడలపై నిలిచి, త్రాగునీటికిని పిడికెడన్నమునకును పడవలవంక చూచుచు దినములు గడపిరి. అదే సమయమున కృష్ణానది ప్రకాశము బరాజు కడ 11 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవహించుచుండెను. బుడమేటి నీటిని కృష్ణలోనికి మఱలించుటకై త్రవ్విన కాలువ, నది నిండియుండుటచే తన నీటిని దింపుకొనజాలక, గట్లు తెగి గండ్లు పడెను. జనులు వానను దూషించిరి, ఏటిని దూషించిరి, అధికారులను దూషించిరి. కాని ఆ నీ రెచ్చటికి పోవుటకు బయలుదేఱినదని యడిగినవా రరుదు.

ఆ నీరు తన యింటికి పోవుటకే బయలుదేఱినది. మైలవరము ప్రాంతపు కొండలలో పుట్టిన బుడమేటికి కొల్లేరే గమ్యస్థానము. ఖమ్మపు సీమనుండి యేలూరు మీదుగా దిగివచ్చు తమ్మిలేటికిని అదియే గమ్యము. నగరమున దారి మూసికొని పోయినది. ఇంటికడ గట్లు లేచినవి. దారిలేక, చేరినను చోటులేక, ఆ నీరు మన వీథులలో నిలిచినది. కొల్లేటిలోని గట్లే విజయవాడను ముంచినవని మేము చెప్పుట లేదు. బుడమేటి గర్భమున ఇండ్లు గట్టుటయు, కాలువకు గండ్లు పడుటయు ఆ విపత్తునకు సమీపకారణములు. కాని నగరమును విడిచిన నీరు కొల్లేటి లంకలను చుట్టుముట్టి, యేలూరు కైకలూరు మార్గమును ముంచి, దినములతరబడి దిగక నిలుచుటకు కారణము వేఱొకటి గలదు. దానినే నేడు పాఠకుల యెదుట నుంచదలచితిమి.

కొల్లేరు మనుష్యుడు త్రవ్వించిన చెఱువు కాదు. గోదావరి యొకవంకను, కృష్ణ యొకవంకను వేలయేండ్లుగా ఒండ్రును దెచ్చి, తమ గట్ల పొంతనే హెచ్చుగ పోసికొని, సముద్రమును వెనుకకు నెట్టుచు వచ్చినవి. రెండు నదుల మేటలకును నడుమ మిగిలిపోయిన పల్లమే కొల్లేరు. కావుననే యుభయ డెల్టాల నడిమి నీరంతయు తనంత నచ్చటికి దిగుచుండును. ఏళ్లును, వాగులును, మురుగుకాలువలును గలిసి 60కి పైగా ప్రవాహము లందు పడుచున్నవి. వెలువడు దారి మాత్ర మొక్కటియే, ఉప్పుటేరు. అదియు సుమారు 60 కిలోమీటర్ల దూరము మెలికలు దిరిగి, సముద్రపు పోటు తగ్గిన వేళలయందు మాత్రమే చక్కగ దిగును. వచ్చుటకు దారులు మిక్కుటము, పోవుటకు దారి యొక్కటి. ఈ రెంటికిని నడుమ నీరు కొంతకాలము విశ్రమింప చోటు కావలెను. ప్రకృతి యా చోటును విశాలముగనే యేర్పఱచినది.

ఎంత విశాలముగ ననగా, సముద్రమట్టమునకు 10 అడుగుల యెత్తువఱకు నీరు నిలిచినచో కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు వ్యాపించును. 5 అడుగుల మట్టమున 308 చదరపు కిలోమీటర్లు. 3 అడుగుల మట్టమున 135 మాత్రమే. ఈ మట్టములనే అధికారుల భాషలో 10వ కాంటూరు, 5వ కాంటూరు, 3వ కాంటూరు అందురు. కొల్లేటి వివాదమంతయు ఈ మూడంకెలలో నిమిడియున్నది. వేసవియందు కుంచించుకొని, శ్రావణ భాద్రపదములలో పెరిగి, మరల తగ్గుటయే కొల్లేటి స్వభావము. వేసవిలో చూచినవాడు దానిని బీడనుకొనును. వానకాలమున చూచినవాడు సముద్ర మనుకొనును. బీడని చూచినవాని దృష్టియే మనలను చెఱచినది.

పూర్వుల కీ స్వభావము తెలిసియుండెను. 634వ సంవత్సరపు ఐహోళె శాసనమున, పులకేశి జయించిన యుద్ధరంగముగ పేర్కొనబడిన కునాళ జలము కొల్లేరేయని చరిత్రకారులు పలువురు తలచుచున్నారు. అనగా పదునాలుగు శతాబ్దములుగా నైనను ఈ సరస్సు చరిత్ర కెక్కియున్నది. లంక గ్రామములవారు ఎత్తుదిబ్బలపై నివసించి, తాటిదోనెలపై తిరిగి, వలలును మావులును వేసి బ్రదికిరి. కొఱ్ఱమీనును, జెల్లయు, ఇంగిలాయియు వారి పంట. నీరు తీసినపుడు నేల బయలుపడినచోట వేసవిపైరు వేసికొనిరి. నీరు వచ్చినపుడు నేలను నీటికి విడిచిరి. ఫాల్గుణమున కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు వచ్చువారిని నేటికిని చూడవచ్చును. నీటితో తగవు లేక నీటినడుమ బ్రదికిన ప్రజల దేవత యామె.

ధవళేశ్వరపు టానకట్ట 1852లోను, బెజవాడ యానకట్ట 1855లోను ముగిసినపిమ్మట డెల్టా ధాన్యాగారమైనది. ఆ మేలును కాదనుట కృతఘ్నత. కాని పొలమునకు పెట్టిన నీటిలో మిగిలినది మురుగై యెచ్చటికో పోవలెను గదా! అది కొల్లేటికే పోయినది. మన సార్వాకును దాళ్వాకును కాలువలు త్రవ్వుకొన్న నాడే కొల్లేరు మన పొలముల మురుగును మోయు పనివాడైనది. నూఱేండ్లకు పైగా ఆ పని చేసినది, కూలి యడుగలేదు. ఆ పనివాని భుజమునే మన మీ యర్ధశతాబ్దిలో విఱిచితిమి.

అది జరిగిన విధము విచిత్రము. 1970వ దశాబ్దమున, పేద జాలరులకును, భూమిలేని హరిజనులకును జీవనాధారము కల్పింతుమని ప్రభుత్వమే సహకార సంఘముల నేర్పఱచి, సరస్సు గర్భమున చేపలచెఱువులు త్రవ్వుకొనుటకు సెలవొసగెను. ఉద్దేశము మంచిది. కాని చెఱువు త్రవ్వుటకును, గట్టు వేయుటకును, పిల్లలు వదలుటకును, తవుడును పిండియు మేపుటకును వేలకు వేలు పెట్టుబడి కావలెను. సంఘమువానికి పేరు గలదు, ధనము లేదు. పట్టణములయందును మెరక గ్రామములయందును ధనము గలవారికి పేరు అక్కఱలేదు. ఇరువురకును లీజను నొడంబడిక కుదిరినది. కాగితముమీద చెఱువు జాలరిది, చేప లీజుదారునిది. జాలరి తన చెఱువుగట్టున తానే కావలివాడైనాడు. పిమ్మట పొక్లెయినులు దిగినవి. గట్టునకు గట్టు తోడై, ఈ శతాబ్దారంభమునాటికి ఉపగ్రహచిత్రములను పరిశీలించిన ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులకు సరస్సులో వేయికి పైగా చెఱువులు, సుమారు 100 చదరపు కిలోమీటర్ల మేర కానవచ్చెను.

ఈ 100 చదరపు కిలోమీటర్లనగా నేమో లెక్కించి చూతము. అంతమేర నొక మీటరు లోతున నిలుచు నీరు పదికోట్ల ఘనపు మీటర్లు. ఇంజనీర్ల లెక్కలో మూడున్నర టి.ఎం.సి. ఒకదినమెల్ల 40 వేల క్యూసెక్కుల వంతున పారిన యేటినీరు దానికి సమము. చేపలచెఱువు వానకాలమున ఖాళీగ నుండదు. అది మునుపే నిండియుండును. దాని గట్టు వెలుపలి నీటిని లోనికి రానీయదు. కావున నంత నీటికి కొల్లేటిలో చోటు లేకపోయెను. చోటులేని నీరు మాయమగునా? అది లంక గ్రామముల యిండ్లలో నిలుచును. మురుగుకాలువలలో నెదురెక్కి మెరకపొలముల వరిని కుళ్లించును. గట్టు గట్టినవాడు తన చేపను కాపాడుకొనును. ఆ గట్టువలన మునిగినవాడు అధికారులకు నష్టపు లెక్క వ్రాయించుకొనును. ఒకని లాభమును పదిమంది నష్టముతో కొనుట వ్యాపార మనబడదు.

నీటి తావు తగ్గుటతో నీటి గుణమును చెడినది. పట్టణముల మురుగును, కర్మాగారముల మైలయు, పొలములకు జల్లిన యెరువులును పురుగుమందులును, చెఱువులలో మిగిలిన మేతయు కొల్లేటిలోనే కలియుచున్నవి. గుఱ్ఱపుడెక్క అలముకొని దోనెలకు దారి లేకుండ జేయుచున్నది. ఉప్పుటేరు పూడుకొలది, పైనుండి మంచినీటి యొత్తిడి తగ్గినపుడు, సముద్రపు టుప్పునీరు పైకెక్కుచున్నది. కొల్లేటి నీటిని దోసిట బట్టి త్రాగిన తరమువారు లంకలలో ఇంకను బ్రదికియున్నారు. వారి మనుమలు నీళ్ల డబ్బాలు కొనుచున్నారు. సరస్సునడుమ నివసించువాడు త్రాగునీటిని కొనవలసివచ్చుటకంటె మన నడవడికి వేఱు సాక్ష్య మక్కఱలేదు.

పక్షులును సాక్ష్యము చెప్పుచున్నవి. 1946లో పక్షిశాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ గారు పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు ప్రాంతమున గూడబాతుల మహానివాసమును కనుగొనిరి. గ్రామ వృక్షములమీద, జనుల యిండ్ల ప్రక్కనే, అవి గూళ్లు గట్టి పిల్లలను పెంచుచుండెను. ముప్పదియేండ్లు తిరుగకముందే యా నివాసము పాడువడెను. నేడు కైకలూరు కడ ఆటపాకలో, అటవీశాఖవారు నాటిన యినుప కమ్ములమీద ఆ పక్షులు గూళ్లు గట్టుచున్నవి. చూడ ముచ్చటయే; కాని చెట్టు లేక పక్షి యినుమునెక్కుట ముచ్చటపడవలసిన సంగతియా? పక్షులమీది జాలి ధనికుల వేడుకయని కొందఱందురు. పక్షికి చేపయు, చేపకు నీరును, నీటికి తావును కావలెను. పక్షి వచ్చుచున్నంతకాలము ఆ మూడును గలవని గుర్తు.

చట్టము లేకపోలేదు. 1999లో ప్రభుత్వము 5వ కాంటూరువఱకు గల 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి సంరక్షణ స్థానముగ ప్రకటించెను. 2002లో, ఇరాను దేశపు రామ్‌సారు పట్టణమున 1971లో కుదిరిన యొడంబడికననుసరించి, 901 చదరపు కిలోమీటర్ల కొల్లేరు ప్రపంచ ప్రసిద్ధములగు చిత్తడినేలల జాబితా కెక్కెను. 2006లో సుప్రీముకోర్టు ఆజ్ఞానుసారము అధికారులు దండుగ వెడలి వేలకొలది యెకరముల చేపలచెఱువుల గట్లను పగులగొట్టిరి. దానిని కొల్లేటి యాపరేషనని జనులు పిలిచిరి. శస్త్రచికిత్స జరిగినది, పథ్యము జరుగలేదు. 2008లోనే శాసనసభ, సంరక్షణ స్థానపు హద్దును 5వ కాంటూరునుండి 3వ కాంటూరునకు దింపుమని తీర్మానించెను. అనగా 308 నుండి 135కు! 2010లో కేంద్రప్రభుత్వము నియమించిన అజీజు సంఘమువా రట్లు దింపదగదని చెప్పిరి. అయినను హద్దు తగ్గింపు మాట ప్రతి యెన్నికలకును మరల తలయెత్తుచున్నది. పగిలిన గట్లు పలుచోట్ల రాత్రికి రాత్రి మరల లేచుచున్నవి.

హద్దు తగ్గింపుమనువారి వాదమును న్యాయముగ వినవలసినదే. 5వ కాంటూరు లోపల వేల యెకరముల జిరాయితీ భూములు గలవు. తాతనాడు కొని, శిస్తు గట్టి, పట్టా చేతబట్టుకొన్న రైతు తన భూమిలో తా నేమియు చేయరాదనిన నెట్లోర్చును? సంఘములలోని పేదలు తమకు ప్రభుత్వమే యిచ్చిన జీవనాధారమును ప్రభుత్వమే పగులగొట్టినదని యేడ్చుట యసత్యము కాదు. 2006లో గట్లు పగిలినపుడు పెట్టుబడిదారులు తమ సొమ్మును వేఱుచోటికి మఱలించుకొనిరి. కూలివాడు కొలువు గోల్పోయి వలసబోయెను. వీరి మొఱలను త్రోసిపుచ్చి పక్షులను మాత్రమే కాపాడుమని మేము వ్రాయబోము.

కాని మొఱకు మందు హద్దు దించుట కాదు. ప్రభుత్వము గీతను కాగితముమీద దింపగలదు. నీటి మట్టమును దింపలేదు. 3వ కాంటూరని శాసనసభ తీర్మానించినంతమాత్రమున భాద్రపదపు వరద 3 అడుగుల కడ నిలుచునా? గీతకు పైన కొత్త గట్లు లేచును, గట్ల వెనుక కొత్త పెట్టుబడులు చేరును, మఱియొక వాన వచ్చును, మరల మనము పడవలవంక చూచుచు మేడలపై నిలుతుము. పేదకు భూమి చూపవలసిన ప్రభుత్వము నీటి భూమిని చూపుట, ఒకని యప్పును మఱియొకని సొమ్ముతో తీర్చుట వంటిది. జిరాయితీ రైతునకు న్యాయమైన పరిహార మిచ్చి భూమిని సేకరించుటయే ధర్మము. అది యాలస్యమైనకొలది ఖర్చు పెరుగును.

అయినచో చేయవలసిన దేమి? మొదటిది, 5వ కాంటూరు హద్దును సర్వే చేసి, రాళ్లు నాటి, ఆ పటమును ప్రతి లంకగ్రామపు పంచాయతీ గోడమీద నుంచవలెను. హద్దు ఎచ్చటనున్నదో అధికారికి తెలిసి రైతునకు తెలియకుండుటయే సగము తగవులకు మూలము. రెండవది, ఆ హద్దు లోపల గట్టన్నది లేకుండ జేసి, వలయు దోనెయు వాడు జాలరికి చేపపై తొలిహక్కు నొసగవలెను. సంఘములకు బినామీలుగ నున్నవారిని తొలగించి, నిజముగ వలవేయువారికే లైసెన్సు లీయవలెను. మూడవది, ఉప్పుటేటి పూడిక తీసి, దానికడ్డముగ ఇఱుకుగ గట్టిన వంతెనలను విశాలము చేసి, సముద్రపు పోటు పైకి రాకుండ రెగ్యులేటర్లు గట్టవలెను. నాల్గవది, విజయవాడ, ఏలూరు, గుడివాడ పట్టణముల మురుగు శుద్ధిచేయబడకుండ ఒక్క చుక్కయు కొల్లేట పడరాదు. ఐదవది, బుడమేటి గర్భమును మొదటినుండి తుదివఱకు కొలిచి, అందు గట్టిన ఇండ్లవారికి వేఱుచోట నివాసము చూపి, ఏటి దారిని ఏటికి విడువవలెను.

ఇవి క్రొత్త మాటలు కావు. నిపుణుల నివేదికలలో నున్నవే, కచ్చేరీ బీరువాలలో పడియున్నవే. వీనిని కదలింపవలసిన బలము మా పాఠకులకడనే యున్నది. అది మేము కారణము లేక చెప్పుట లేదు. కొల్లేటిలో లీజుకు పెట్టుబడి పెట్టినవాడు జాలరి కాడు. మెరక గ్రామపు భూస్వామియు, పట్టణపు వర్తకుడును, నుద్యోగియు, న్యాయవాదియు. బుడమేటి గర్భమున స్థలములు గీసి యమ్మినవాడును, చౌకయని కొన్నవాడును మనవారే. మురుగును శుద్ధిచేయుటకు పన్ను హెచ్చింతురనిన పురపాలక సభలో కేకలు వేయువారమును మనమే. పరప్రభుత్వము నాడు ప్రతి దోషమునకును దొరను చూపుట మనకు సులభముగ నుండెను. నే డేలువారు మనవారు, ఏలబడువారు మనవారు, మునుగువారు మనవారు. స్వరాజ్య మనగా మన సొమ్మును మనము దోచుకొను స్వేచ్ఛ కాదు; మన సొమ్మునకు మనమే కావలియుండు బాధ్యత.

చేపల పెంపకమును మేము ద్వేషించుట లేదు. ఆకివీడు, కైకలూరులనుండి మంచుపెట్టెలతో కలకత్తాకును అస్సామునకును పోవు చేప వేల కుటుంబముల కన్నము పెట్టుచున్నది. 5వ కాంటూరు వెలుపల, నీటిదారి కడ్డులేనిచోట, మురుగును శుద్ధిచేసి వదలు నియమముతో చెఱువులు త్రవ్వుకొనుడు. ఎవరికిని తగవు లేదు. కాని పల్లము పల్లముగ నుండవలెను. గాదెను పగులగొట్టి వంటచెఱకు చేసికొన్నవాని కా పూట వంట యగును. పంట వచ్చిననాడు ధాన్యము పోసికొనుటకు చోటుండదు.

మరల భాద్రపదము రాక మానదు. బుడమేరు మరల నింటికి బయలుదేఱును. ఆ నీరు పట్టా చూడదు, తీర్మానము చదువదు, లీజు కాగిత మడుగదు. తన చోటు ఖాళీగ నున్నచో నచ్చట విశ్రమించి మెల్లగ సముద్రమునకు పోవును. లేనిచో మన యింటిలో విశ్రమించును. ఈ రెంటిలో నేది కావలెనో నిర్ణయించుకొనుటకు వేసవియే సమయము. గట్లు తీయుటకు నేల యెండియుండవలెను. నీరు వచ్చిన పిమ్మట సభలు చేయుట, విరాళములు ప్రోగుచేయుట, అన్నపు పొట్లములు పంచుట మనకు తెలిసిన విద్యలే. నీరు రాకముందు దానికి చోటు విడుచుటయను విద్యను మాత్రము మన మింకను నేర్చుకొనవలసియున్నది.